గౌరునాయుడి కోటు

'తలుపు తెరిచే ఉంది' అన్న మాటను దమయంతి మళ్లీ కొట్టేసింది. దాని చోట 'తలుపుకు బయట తాళం వేసి ఉంది' అని కొట్టి, మీట నొక్కింది. బస్సు నెల్లివాడ కాంప్లెక్సులో ఆగి ఉంది. ఒళ్లో టిక్కెట్ల మిషను, చేతిలో ఫోను. డ్రైవరు సింహాద్రి టీ తాగి వచ్చి సీట్లో కూర్చునేలోగానే ఫోను ఒకసారి వణికింది. పాత మాట మళ్లీ వచ్చి కూర్చుంది. మార్చిన మనిషి పేరు ధవళ. కారణం: ఆధారం లేదు.

ఎప్పుడూ అదే పేరు, అవే రెండు ముక్కలు.

"ఏటమ్మా, మీ ఆయనతో కూడా ఇంత పోట్లాడవు కదా నువ్వు" అన్నాడు సింహాద్రి అద్దంలోంచి చూస్తూ.

"మా ఆయన ఆధారం అడగడు. నడుపు."

అందరి కోశం అంటే పేరులోనే ఉంది. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా రాయచ్చు, ఎవరైనా దిద్దచ్చు. ఊరు, వాడ, పురుగు, నక్షత్రం, చచ్చిన రాజు, బతికున్న దొంగ, అన్నిటికీ ఒక్కో పేజీ. మొదట్లో దాన్ని చూసి పంతుళ్లు నవ్వారు. ఎవడు పడితే వాడు రాసేది నమ్మకం ఎలా అవుతుందన్నారు. ఆ నవ్వినవాళ్లే ఇప్పుడు పాఠం చెప్పే ముందు కోశం చూసుకుంటున్నారు. బళ్లలో మాట్లాడే పలకలు దాంట్లోంచే చదువుతాయి. ఆఫీసుల్లో జవాబు చెప్పే మిషన్లు దాంట్లోంచే చెబుతాయి. కోశంలో ఉంటే జరిగినట్టు. లేకపోతే లేనట్టు.

నెల్లివాడ జూట్ మిల్లు పేజీలో ఇలా ఉంది: జనపనార బేళ్లకు నూనె పట్టించే షెడ్డులో మంటలు లేచినప్పుడు తలుపు తెరిచే ఉంది, కార్మికులు ఒక్కసారిగా ఎగబడటంతో తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు.

ఆ తొమ్మిది మందిలో గౌరునాయుడు దమయంతి తండ్రి. ఆయన పోయేటప్పటికి ఆమె ఇంకా తల్లి కడుపులో ఉంది.

నెల్లివాడలో ఎవర్ని అడిగినా తాళం సంగతి చెబుతారు. షిఫ్టు మధ్యలో కూలీలు టీకి జారుకుంటున్నారని సూపర్వైజరు బయట నుంచి తాళం వేయించేవాడు. సైరను మోగాకే తీసేవారు. కానీ ఊరి నోరు కోశానికి ఆధారం కాదు. కంపెనీ వేసిన విచారణ కమిటీ నివేదిక ఆధారం. దాన్ని చూసి రాసిన పేపరు ఆధారం. ఆ పేపరు చూసి రాసిన జిల్లా చరిత్ర పుస్తకం ఆధారం. ఆ పుస్తకం చూసి కోశం రాశారు. కోశం చూసి ఇంకో రెండు పుస్తకాలు వచ్చాయి. వాటిని కూడా పేజీ అడుగున ఆధారాలుగా చేర్చారు. పదో క్లాసు దాటని దమయంతి ఈ గొలుసంతా ఒంటరిగా వెనక్కి లాక్కుంటూ పోయి చూసింది. చివర ఉన్నది ఒకే ఒక్క నోరు. అది తాళం వేయించినవాడి నోరు.

ఇన్నాళ్లూ అది ఫోనులో పోట్లాట. ఇప్పుడు కాదు. మిల్లు స్థలంలో మునిసిపాలిటీ స్మారక స్తంభం కడుతోంది. దాని మీద ఏం చెక్కాలన్న దగ్గర కౌన్సిలులో గొడవై, చివరికి కమిషనరు తెలివిగా తేల్చాడు: చనిపోయినవాళ్ల వర్ధంతికి ముందు రోజు కోశంలో ఏ మాట ఉంటే ఆ మాట చెక్కుతాం, ఎవరికీ పేచీ ఉండదు. కోశంలో తప్పు పడితే దిద్దచ్చు. రాయి మీద పడితే దిద్దేదేమీ లేదు.

*

సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు చిదుపుతోంది. ఆమె వెనక గోడ మీద గౌరునాయుడి ఫోటో. నల్లకోటు, చారల టై, నుదుటి మీద అద్దానికి అంటించిన కుంకం. ఎదురుగా స్టూలు మీద యూనియన్ నాయకుడు సూరిబాబు. మిల్లు మూతపడి చాలాకాలమైనా యూనియన్ మూయని మనిషి. ఏటా వర్ధంతి సభ ఆయనే పెడతాడు. స్టేజీ వెనక గుమ్మడికాయంత తాళం బొమ్మతో తెర కట్టిస్తాడు. ఏటా సన్యాసమ్మ మైకు ముందు నిలబడి ఆ రోజు తాను చూసింది చెబుతుంది. ఆ రోజు మొగుడికి కారేజీ పట్టుకెళ్లింది ఆమే. షెడ్డు బయట నిలబడి చూసిన మనుషుల్లో ఇప్పుడు బతికున్నదీ ఆమే.

"విశాఖపట్నంలో ఒక మిషనుందట అమ్మా" అంది దమయంతి. "మనిషికి గుర్తున్నదాన్ని బొమ్మా మాటాగా తీస్తాదట. దాన్ని కోశమోళ్లు ఆధారంగా ఒప్పుకుంటన్నారు."

"ఎలగ తీస్తారు?"

"తలకి టోపీ పెడతారు."

"ఇన్నాళ్లూ ఊరోళ్లు పెట్టిన టోపీలు సాలవేటి" అంది సన్యాసమ్మ. సూరిబాబు పెద్దగా నవ్వాడు.

"ఎల్లొదినా" అన్నాడు ఆయన. "నువ్వు స్టేజీ మీద సెప్పేదే ఆల మిషనుకి సెప్పు. ఆ ధవళ ఎవుడో ఆడి నోరు మూతపడాల."

*

ప్రయోగశాల యూనివర్సిటీలో ఒక మూల పాత హాస్టలు భవనంలో ఉంది. దాన్ని నడిపేది డాక్టర్ ఎస్తేరు. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, ఎప్పుడూ ఏదో వెతుక్కుంటున్నట్టుండే మనిషి. తల్లీ కూతుళ్లను కూర్చోబెట్టి ముందు మిషను గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గోడ మీద తెర వెలిగించింది.

తెర మీద మట్టిరోడ్డు. సైకిలు హ్యాండిలు పట్టుకున్న రెండు చిన్న చేతులు. పక్కన పరిగెడుతున్న మనిషి నీడ. "వదిలేశానమ్మా, తొక్కు, తొక్కు" అంటున్న మగగొంతు. రోడ్డు ఊగింది. తుమ్మచెట్టు దగ్గరకొచ్చింది. అంతే.

"ఎవరు?" అంది దమయంతి.

"నేనట" అంది డాక్టరు. "ఆ గొంతు మా నాన్నది. మిషను తయారయ్యాక మొదట నా తల మీదే పెట్టుకున్నాను. ఇది తీసి పదేళ్లు పైనే అయింది. ఇప్పుడు చూస్తే ఎవరో పిల్ల ఎక్కడో సైకిలు తొక్కుతున్నట్టుంటుంది నాకు. నాన్న నాకు సైకిలు నేర్పారని తెలుసు. నేర్పినట్టు గుర్తు లేదు."

"తీస్తే పోద్దా?"

"పోతుంది. దమయంతి గారూ, మీరు కోశంలో రాస్తారు కదా. పేజీ తెరిచి, చదివి, ఊరుకోరు. ఒక ముక్క మార్చి మళ్లీ భద్రం చేస్తారు. మనసూ అంతే. గుర్తు చేసుకున్న ప్రతిసారీ తెరుస్తుంది, ఆ పూట మన చుట్టూ ఉన్నది ఏదో ఒకటి అందులో కలుపుతుంది, మళ్లీ భద్రం చేస్తుంది. మేం తీసేటప్పుడు మా గది, మా మాటలు అందులో కలవకూడదు. అందుకని తెరుచుకున్నది మళ్లీ భద్రం కాకుండా ఒక ఇంజెక్షను ఇస్తాం. తెరుచుకున్నది మాకొస్తుంది. మీ దగ్గర ఉండదు."

సన్యాసమ్మ చాలాసేపు ఆ ఆరిపోయిన తెరనే చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది. "నాకొకటుంది తల్లీ. స్టేజీ మీద ఎప్పుడూ సెప్పనేదు. దీనికి కూడా సెప్పనేదు. దీని నాయన ఆ దినం నాతో అన్న మాట. అదీ పోద్దా?"

"అదే రోజుది అయితే అదీ పోతుంది పెద్దమ్మా."

"ఏటన్నాడమ్మా?" అంది దమయంతి. నలభై ఏళ్లు వచ్చిన మనిషి, ఆ ఒక్క ప్రశ్న అడిగేటప్పుడు గొంతు చిన్నపిల్లదైపోయింది.

డాక్టరు చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు చెప్పించకండి. చెబితే మీకు చెప్పినట్టుగా మారుతుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదంటే అది బాగా శుభ్రంగా ఉండి ఉంటుంది. తీయించుకోనంటే ఇంటికెళ్లి ఇద్దరూ హాయిగా చెప్పుకోండి. నాకేం బాధ లేదు."

దమయంతి నోరు మూసుకుంది. జీవితంలో ఆమె అలా నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన తల్లి. బస్సు మధురవాడ దాటింది.

"నీకు ఇష్టం లేకపోతే వొగ్గీ అమ్మా" అంది దమయంతి. అనేసి, ఎక్కడ వొగ్గేస్తుందోనని భయపడింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఆ పేజీలో తొక్కులాడుకుని సచ్చినారని ఉందన్నావు."

"అవును."

"అంటే ఒకల్నొకలు సంపుకున్నారని కదేటి. అప్పన్నని మీ అయ్య తొక్కీసినాడు, మీ అయ్యని రవణ తొక్కీసినాడు. అదే కదా దానర్దం."

ఇన్నేళ్లుగా తాళం తాళం అని అరుస్తున్న దమయంతికి ఆ వాక్యం అర్థం అదని ఎప్పుడూ తట్టలేదు.

"రాయి మీద అదే రాస్తే రవణ పెళ్లాం నా గుమ్మం తొక్కగలదా? నాను దాని మొకం సూడగలనా?" సన్యాసమ్మ చెంగుతో మూతి తుడుచుకుంది. "తీయించీ. మీ అయ్య మాట ఆడితో పోయినోళ్లందరికీ పనికొస్తే పోనీ."

*

గదిలో మంచం, టోపీ, పక్క గదిలో తెర. టోపీ అంటే టోపీ కాదు, తీగల వల. ఇంజెక్షను ఇచ్చాక డాక్టరు ఒక్క మాటే అంది: "పెద్దమ్మా, కారేజీ పట్టుకుని బయలుదేరండి." సన్యాసమ్మ కళ్లు మూసుకుంది. పక్క గదిలో తెర ముందు దమయంతి చేతులు నలుపుకుంటూ కూర్చుంది.

ముందు మసక. తర్వాత కారేజీ ఊగుతున్న చెయ్యి, మట్టిగాజులు. మిల్లు గోడ. నూనె పట్టిన జనపనార కాలితే వచ్చే పొగ చిక్కగా, పసుపుగా ఉంటుందని దమయంతి వినే ఉంది. ఇప్పుడు చూసింది. మనుషులు పరిగెడుతున్నారు. షెడ్డు తలుపు. తలుపుకు తాళం. పెద్ద తాళం. దమయంతి కుర్చీలోంచి లేచింది.

తలుపు రెక్కల మధ్య సందు. సందులో ముఖం. ఆమె తండ్రి ముఖం. పుట్టిన దగ్గర నుంచి గోడ మీద చూస్తున్న ముఖం. చూడగానే పోల్చుకుంది. తెర మీది తాళాన్నీ తండ్రినీ చూస్తూ ఏడుస్తూ, నవ్వుతూ నిలబడింది.

"ఇంకేటి కావాలండీ వాళ్లకి" అంది.

డాక్టరు బొమ్మను ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"దమయంతి గారూ, మీ నాన్నగారు మిల్లులోకి కోటు వేసుకుని వెళ్లేవారా?"

దమయంతి తెర వైపు చూసింది. పసుపు పొగలో, మంటల మధ్య, తలుపు సందులోంచి చూస్తున్న జనపనార కూలీ నల్లకోటు, చారల టై వేసుకుని ఉన్నాడు.

నెల్లివాడ వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చేయరు. అక్కడ మనిషి పోతే గోడకు తగిలించే ఫోటో మెయిన్ రోడ్డు స్టూడియోలో చేయించేవారు. బతికున్నప్పుడు తీయించుకున్న చిన్న ఫోటో ఏదైనా ఇస్తే, తల మటుకు కత్తిరించి పెద్దది చేసి, దానికి కింద కోటు అతికించేవాడు. ఊరందరికీ ఒకటే కోటు. బనీనుతో బతికినవాడికీ అదే, చొక్కా లేనివాడికీ అదే. చచ్చాక అయినా మర్యాదగా కనబడాలని. దమయంతి తండ్రిని ఎన్నడూ కోటు లేకుండా చూడలేదు. అందుకే తెర మీద చూసి కోటును పోల్చుకుంది, తప్పును పోల్చుకోలేదు.

తాళం వైపు మళ్లీ చూసింది. గుమ్మడికాయంత ఉంది. ఏటా సూరిబాబు తెర మీద గీయించేంత. ఫోటో సంగతీ ఆ తెర సంగతీ డాక్టరుకు చెప్పింది.

"అయితే అంతా అబద్దమేనా?" అంది.

"అబద్ధం కాదు. మీ అమ్మగారు ఏటా స్టేజీ ఎక్కి ఈ రోజును తెరిచారు. ఏటా వెనక ఆ తాళం బొమ్మ. ఇంటికొస్తే గోడ మీద ఆ ఫోటో. అన్నీ మెల్లిమెల్లిగా లోపలికి పోయాయి. మీ కోశానికి నయం, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పాత ప్రతులన్నీ దాచి ఉంచుతుంది. మనసు అలా దాచదు. ఆఖరి ప్రతి ఒక్కటే ఉంటుంది, అదే మొదటిదని మనల్ని నమ్మిస్తుంది." డాక్టరు బొమ్మను మళ్లీ కదిలించింది. "ఇంకా ఉంది. చూడకండి. వినండి."

కోటు మనిషి పెదవులు సరిగ్గా కదలడం లేదు. ఫోటోలో పెదవులు కదలవు కదా. కానీ గొంతు వచ్చింది. దగ్గు మధ్య, పొగ మింగిన గొంతు. పక్కనే ఉన్నట్టుంది. అద్దంలా ఉంది.

"కప్ప ముట్టుకోకే, కాలతంది. సేతులు పోతాయి. ఎల్లు. కడుపుతో ఉన్నదానివి. ఎల్లవే."

అంతే. తర్వాత పరిగెడుతున్న నేల.

దమయంతి కింద కూర్చుండిపోయింది. తాళం కప్ప. బయట ఉన్నవాళ్లు ముట్టుకోగల తాళం. లోపలి మనిషి కాలుతోందని చెబుతున్న తాళం. ఎవరికీ చెప్పని మాట గనక ఎవరూ దాని మీద రంగు వేయలేదు. ఆ మాటలో తాను కూడా ఉంది.

పక్క గదిలో సన్యాసమ్మ లేచి కూర్చుని చీర సర్దుకుంటోంది.

"అయిపోనాదేటి? వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"ఏటొచ్చింది?" అని అడిగింది సన్యాసమ్మ, పక్కింటి సంగతి అడిగినట్టు.

*

మిషను తీసిన బొమ్మనీ మాటనీ కలిపి ముద్ర అంటారు. సూరిబాబు ఆ ముద్రను ఫోనులో మూడుసార్లు చూశాడు. కోటు దగ్గరకొచ్చినప్పుడల్లా నాలుక చప్పరించాడు.

"ముకం కనబడకుండా కత్తిరించీ. తాళం ఉంచు, మాట ఉంచు. అయిపోద్ది."

"కోశమోళ్లు ముక్కలు తీసుకోరు మావా. మొత్తం పెడితేనే ఆధారం."

"అయితే మసకెయ్యించు. కుర్రోళ్లకిస్తే చొక్కా అతికించి ఇస్తారు. ఖాకీ చొక్కా. నానూ అదే యేసేవోణ్ని, నాకు బాగా గేపకం."

"నీకు గేపకమున్న చొక్కా మా అయ్యకి తొడుగుతావా?"

"మనం అబద్దమాడతన్నామేటే? జరిగిందే కదా."

"ఆలూ అదే అన్నారు, కమిటీ ఏసిన దినం." దమయంతి గొంతు లేచింది. "రాసినోడికి కావలసినట్టు చొక్కా తొడగడం ఆల పని. మనదీ అదే అయితే ఇంకెందుకీ దేబిరింపు?"

"కోటు చూసి నవ్వుతారు. ఆ ధవళగాడు కాల్చి పారేస్తాడు. తర్వాత రాయి మీద ఏటి పడతాదో నీ ఇష్టం." సూరిబాబు లేచి వెళ్లిపోయాడు. కోపంతో కాదు, భయంతో. అది దమయంతికి తెలుసు. ఆ భయం ఆమెకూ ఉంది.

తల్లి తన దగ్గరున్న ఆ ఒక్క రోజునూ ఇచ్చేసింది. దాన్ని నలుగురూ నవ్వి అవతల పారేస్తే మళ్లీ తీయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. చొక్కా అతికించేస్తే ఎవరికీ తెలియదు. డాక్టరమ్మ కూడా చెప్పదు. రెండు రోజులు బస్సులో టిక్కెట్లు తప్పుగా కొట్టింది.

మూడో రోజు కాంప్లెక్సులో సింహాద్రి టీకి దిగగానే మొత్తం ముద్రను పేజీకి తగిలించింది. కింద తన చేత్తో రాసింది: ఇందులో కోటు తప్పు. గౌరునాయుడు ఎన్నడూ కోటు వేసుకోలేదు. అది స్టూడియో వాళ్లు చనిపోయినవాళ్ల ఫోటోలకు అతికించే కోటు. తాళం సైజు కూడా తప్పు కావచ్చు, అది సభలో తెర మీది బొమ్మలా ఉంది. మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. చూసేవాళ్లు చూసి తేల్చుకోండి.

తర్వాత ఫోను ఒళ్లో పెట్టుకుని, అది వణకడం కోసం ఎదురుచూసింది. టీ అయిపోయింది. బస్సు కదిలింది. ఫోను వణకలేదు. చీపురుపల్లి దాకా వణకలేదు. సాయంత్రం డిపోలో లెక్క అప్పజెప్పేటప్పుడు వణికింది. పేజీ మారలేదు. పేజీ వెనక చర్చలు రాసుకునే చోట ధవళ రాశాడు. ఈసారి రెండు ముక్కలు కాదు.

'నేను పార్వతీపురంలో లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాను. మీరు నన్ను కంపెనీ మనిషి అనుకుంటున్నారని తెలుసు. కాదు. ఆధారం లేని మాటను నమ్మి ఒకసారి మా ఊళ్లో ఒక మనిషిని కొట్టి చంపారు. అప్పటినుంచి ఆధారం అడుగుతున్నాను. మా నాన్న ఫోటోలో కూడా ఈ కోటే ఉంది. నెల్లివాడ మెయిన్ రోడ్డులోనే చేయించాం. టై ఎడమ వైపుకి వంకర, చూడండి. కట్టుకథ చెప్పేవాడు దానికి కోటు తొడిగించడు, తొడిగించినా మీలాగ దండోరా వేసుకోడు. నేను ఒప్పుకుంటున్నాను. కానీ తాళం చూశారు అని రాయకండి. తాళం కాలుతోందని లోపలి మనిషి అన్నాడు అని రాయండి. మన దగ్గర ఉన్నది అంతే. కమిటీ మాటను కమిటీ మాట అనే రాద్దాం.'

దమయంతికి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు తిట్టుకున్న మనిషి ఇంత మామూలు మనిషి కావడం ఆమెకు నచ్చలేదు. ఒంటిమీద ఖాకీ చొక్కాతోనే డిపో మెట్ల మీద కూర్చుని అతని వాక్యంలో లోపం వెతికింది. దొరకలేదు. అతను చెప్పినట్టే దిద్దింది.

*

ఇంటి దగ్గర సన్యాసమ్మ అదే ప్రశ్న పట్టుకుంది. అన్నం తినేటప్పుడు, పక్క దులిపేటప్పుడు. "ఏటన్నాడే మీ అయ్య?"

చెప్పడానికి దమయంతికి నోరు రాలేదు. తాను చెబితే తన గొంతుతో పోతుంది. ఎక్కడో ఒక ప్రేమ ముక్క కలిపేస్తానని భయం. అప్పుడే మనసులో కలిపేసింది కూడా. 'బంగారం, ఎల్లు' అన్నాడేమో అన్నట్టు అనిపించేది, బస్సులో నిలబడ్డప్పుడు. అనలేదు. మళ్లీ విని సరిచూసుకునేది.

ఒక ఆదివారం పొద్దున ఫోను తల్లి చెవి దగ్గర పెట్టి, బొమ్మ లేకుండా గొంతు ఒక్కటే వినిపించింది.

సన్యాసమ్మ విన్నది. చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. మనిషి గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతుతో కాపురం చేసింది, తిట్లు తింది. ఆ మాట మటుకు మొదటిసారి వింటోంది. నలభై ఏళ్ల కిందట చచ్చినవాడు ఈ పొద్దున, ఈ గుమ్మంలో, ఆమెను పొమ్మన్నాడు.

ఆమె ఏడుపు దమయంతి ఎన్నడూ వినని ఏడుపు. ఏటా స్టేజీ మీద ఏడ్చేది కాదు. అప్పుడే కబురు తెలిసిన మనిషి ఏడుపు. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి ఎవరు పోయారని అడిగారు. దమయంతి రాయి గురించి ఆలోచించింది గానీ, ఈ పొద్దు ఒకటి వస్తుందని ఆమెకు డాక్టరు చెప్పలేదు. డాక్టరుకూ తెలియదేమో. సైకిలు నేర్పిన తండ్రిని ఆవిడ మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తూనే ఉంటుంది కాబోలు.

మధ్యాహ్నానికి సన్యాసమ్మ సద్దుమణిగింది.

"మల్లీ ఎయ్యనా అమ్మా?"

"వద్దు. అరిగిపోద్ది. ఉంచు." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "సేతులు పోతాయన్నాడు సూసినావా. ఆడు కాలిపోతా నా సేతులకోసం సూసుకున్నాడు."

*

స్తంభం ఆవిష్కరణ రోజు మైకు ఎప్పట్లాగే సన్యాసమ్మ ముందు పెట్టారు. వెనక సూరిబాబు కట్టించిన తాళం తెర. ఆమె మైకును వేలితో పక్కకు జరిపింది. "నాకు గేపకం లేదు బాబూ. ఇచ్చీసినాను. రాయి మీద ఉంది, సదూకోండి" అని దిగిపోయింది.

రాయి మీద తొమ్మిది పేర్లు. వాటి కింద, తలుపు తెరిచే ఉందని కంపెనీ కమిటీ రాసింది, తాళం కాలుతోంది ముట్టుకోకు అని లోపల ఉన్న గౌరునాయుడు అన్నాడు. అంతే చెక్కారు. రవణ పెళ్లాం అక్షరాల మీద చెయ్యి వేసి తడుముకుంటూ చివరిదాకా పోయింది. తొక్కిసలాట అన్న మాట ఎక్కడా తగల్లేదు. తిరిగొచ్చి సన్యాసమ్మ పక్కన కూర్చుని, వక్కాకూ అడిగింది.

దమయంతి అనుకుంది, ఇక ఫోను జేబులో పెట్టుకోవచ్చని.

వారం తర్వాత కాంప్లెక్సులో బస్సు ఆగి ఉండగా అది వణికింది. మిల్లు పేజీ మారింది. తాళం మాట అలాగే ఉంది. ఆమె రాసిన ఆరు వాక్యాల వివరణ, కోటు తప్పు అన్న దగ్గర నుంచి చివరిదాకా ఎవరో మొత్తం తీసేశారు. ముద్రకు బదులు చొక్కా అతికించిన కొత్త ముద్ర పెట్టారు. ఖాకీ చొక్కా. కారణం: అమరుడికి మర్యాద. మార్చిన మనిషి పేరు చూడనక్కర్లేదు. అయినా చూసింది. సూరిబాబు.

సింహాద్రి టీ గ్లాసుతో కిటికీ దగ్గరకొచ్చాడు. "ఏటమ్మా, మళ్లీ ఆ ధవళేనా?"

"కాదు. మనోడే."

"మనోడైతే వొగ్గీరాదా."

దమయంతి పాత ప్రతి తెరిచింది. తండ్రికి చొక్కా విప్పి, నల్లకోటు, వంకర టై మళ్లీ తొడిగింది. కారణం రాసే చోట ఇలా కొట్టింది: కోటు అబద్ధం. అది అక్కడే ఉండాలి.

మీట నొక్కి, విజిలు నోట్లో పెట్టుకుంది. బస్సు కదిలింది.